హాలు వెనక ఆరడుగుల సందు

ఇది రాయకూడదనే అనుకున్నాను. ఉన్నది ఒక ఇల్లు, ఒక హార్మోనియం, ఆరడుగుల సందు. దానికింత కాగితమెందుకు? కానీ రాయకుండా పోతే ఆ సందు పక్కనున్న సన్యాసిరావు తన కొట్టులో కలుపుకుంటాడు. కనుక బతు బస్తీ కాపురస్థుడు పేడాడ గోవిందు అనే నేను, వయసు డెబ్బై ఎనిమిది, మతి స్థిమితంగానే ఉండి, ఎవరి బలవంతమూ లేకుండా స్వహస్తంతో రాస్తున్నాను. బడికి పోలేదు. ఈ దీవి జెట్టీలో, విశాఖపట్నం ఓడ దింపిన పెట్టెలు మోస్తూ, వాటి మీది చిరునామాలు చూసి అక్షరాలు నేర్చుకున్నాను. నా రాత ఇంత లావుగా ఉండేది అందుకే.

1. బతు బస్తీ ఇల్లు నా కూతురు ధరణికి సర్వహక్కులతో చెందాలి.

2. హార్మోనియమూ ధరణికే. అదిప్పుడు డాలీగంజ్‌లో మన తెలుగు సంఘం హాల్లో ఉంది. ఆ హాలు నేనూ సన్యాసిరావూ కలిసి ఇటుకలు మోసి కట్టిందే. లారీ తిరగడానికి వీలని ఆయన కొట్టు పక్కన కట్టారు. అంతే, తాళంచెవి ఆయన కొట్టులో మేకుకెక్కింది. "గోవిందు భయ్యా, తాళం నా కాడుంటే నీకేటి తక్లీఫ్? గోడ పక్కనే గదా ఉంటాను!" అన్నాడు. గోడ పక్కనున్నందుకే ముప్పై ఏళ్లుగా ఆయన అధ్యక్షుడు. నేనేమో నా హార్మోనియం నేను వాయించుకోవడానికి బతు బస్తీ నుంచి కొండ ఎత్తులెక్కి దిగి, తాళంచెవి కోసం ఆయన భోజనమయ్యేదాకా కొట్టు బల్ల మీద కూర్చునేవాణ్ణి. ఆయనకంటే నాకు వంద పద్యాలు ఎక్కువ వచ్చు. కోర్టువారు ఈ సంగతి గమనించాలి.

పోయిన నా భార్య ఎరుకమ్మ అనేది: "నీకు హాలు కావాలా, ఆడి కుర్చీ కావాలా? ముందది తేల్సుకో." నేటికీ తేలలేదు.

3. స్టేజీ వెనక తలుపు తెరుచుకునే సందు నాది. అసూయతో కొన్నానని ఒప్పుకుంటున్నాను. గేటు పెట్టి తాళం వేశాను. అప్పటినుంచి వేషగాళ్ళు రంగు పూసుకుని జనం మధ్యనుంచే స్టేజీ ఎక్కాలి. సన్యాసిరావు పరువు పోతుందనుకున్నాను. ఆయన ముందు వరసలో నిలబడి దారి ఇప్పించి, దానికీ దండ వేయించుకున్నాడు. చిక్కింది ధరణి. ద్రౌపది వేషంలో కుర్చీల మధ్య నడుస్తుంటే ఎవరో సవరం లాగారు. జనం నవ్వారు. అది మళ్ళీ రంగు వేసుకోలేదు.

అందుచేత సందు ధరణికే. నేను పోయిన మరునాడు గేటు పీకించి, వేషగాళ్ళకు దారి వదలాలి. బతికుండగా తీయలేను, సన్యాసిరావు చూస్తాడు. సంఘం పేర రాయను, సంఘమంటే ఆయనే.

4. సన్యాసిరావుకు ఏమీ లేదు. సాక్షి సంతకం చేసినవాడికి వీలునామాలో ఏదిచ్చినా చెల్లదని వకీలు చెప్పాడు. అందుకే ఆయన్నే సాక్షిగా పిలిపించాను.

బతు బస్తీ, 14 ఫిబ్రవరి 2025
(సంతకం) పేడాడ గోవిందు

సాక్షులు:
సన్యాసిరావు, డాలీగంజ్
నాగబాబు, పక్కింటి ఎలక్ట్రీషియన్

తా.క. సన్యాసిరావు ఆ ఎత్తులే ఎక్కి దిగి, నడిచే వచ్చాడు. దారిలో రెండుచోట్ల కూర్చున్నాడట. మూడో అంశం చదివి సంతకం పెట్టాడు. మంచినీళ్ళు అడిగితే ధరణి ఇచ్చింది.