పేరు లేని గళ్ళు

ఆగస్టు 4, 2008. సోమవారం

ఒళ్ళు మండుతోంది. ప్రార్థన చేసినా చల్లారలేదు. అందుకే రాస్తున్నాను.

లూదియా నేను ప్రసంగాలు చెప్పే క్రైస్తవ సహవాసంలో పాటలు పాడే పిల్ల. ఇరవై ఆరేళ్ళు. పుట్టుకతో చూపు లేదు. హైదరాబాద్‌లో ఆర్నెల్లుండి కంప్యూటర్ నేర్చుకుని వచ్చింది. స్క్రీన్ మీద ఉన్నదాన్ని ఇంగ్లీషులో పలికే సాఫ్ట్‌వేర్ ఒకటుంది. హెడ్‌ఫోన్‌లో అది వింటూ టైప్ చేస్తుంది. ఒక సర్కారు బోర్డు టెలిఫోన్ ఆపరేటర్ పోస్టు వేసింది, చూపు లేనివాళ్ళకే. బోర్డు పేరు ఇక్కడ రాయను, రాస్తే కోపం ఇంకా పెరుగుతుంది. అప్లికేషన్ వాళ్ళ వెబ్‌సైట్‌లోనే పెట్టాలి. ఆఖరి తేదీ ఈ నెల 30.

ఈరోజు ఆళ్లగడ్డలో మాధవయ్య నెట్ సెంటర్‌కు పోయి కూర్చుంది. నేనూ పక్కనే ఉన్నాను. ఫారంలో ఇరవై రెండు గళ్ళు. కళ్ళున్నవాళ్ళకు ప్రతి గడి పక్కనా పేరు కనిపిస్తుంది. ఆమె చెవిలో మాత్రం ఎడిట్, ఎడిట్, ఎడిట్ అని, రాసే గడి అన్న ఒక్క మాటే ఇరవై రెండు సార్లు. ఎందులో పేరు రాయాలో ఎందులో పుట్టిన తేదీ రాయాలో తెలిసే దారి లేదు.

మాధవయ్య మంచివాడే. ఇట్లియ్యమ్మా, రెండు నిమిషాల్లో నేను కొట్టిస్తా అన్నాడు. లూదియా ఒప్పుకోలేదు. పోయినేడు మా చిన్నాయన కొడుకు కొట్టినాడన్నా, చూపు ఉందా అంటే ఉందని పెట్టినాడు, ఆడికే పాయె నా ఉద్యోగం, ఈసారి నా చేత్తోనే అంది.

ఆగస్టు 5

గుడ్డివాడి దారికి అడ్డం పెట్టవద్దని దేవుడు మోషే చేత రాయించాడు. అడ్డమంటే బండరాయనే అనుకున్నాను ఇన్నాళ్ళూ.

ఆగస్టు 8. శుక్రవారం

బోర్డుకు నాలుగుసార్లు ఫోన్ చేస్తే, ఆ వెబ్‌సైట్ చేసే కాంట్రాక్టు నంద్యాల మనిషిదేనని తెలిసింది. నా మైక్‌సెట్ల అంగడి మూసి పొద్దున్నే బస్సెక్కాను. ఉపవాసం కూడా. ఉపవాసం రోజు నా గొంతు ఇంకా లేస్తుంది.

మేడ మీద రెండు గదులు. మెట్ల మీదనుంచే మొదలుపెట్టాను. యాడుండాడప్పా గుడ్డోళ్ళ మొగాన తలుపేసినోడు అని. లోపల హరీశ్ అని ముప్పై ఏళ్ళ మనిషి. కుర్చీ వేసి మంచినీళ్ళిచ్చాడు. ఉపవాసం, వద్దన్నాను. పది నిమిషాలు తీర్పుదినం గురించి చెప్పాను. అంతా విని, చూపు లేనోళ్ళు కంప్యూటర్ ముందర కూచుంటారని నాకు తెల్దన్నా, ఎవరూ చెప్పలే అన్నాడు. సగం కోపం అక్కడే దిగింది. తెలియక చేసినవాణ్ణి ఎంతసేపని తిడతాం?

ఏం చేయమంటావన్నా అని అడిగాడు. పేజీ తెరవగానే ఒక గొంతు రావాలి, ఏ గడిలో ఏం రాయాలో వరసగా చెప్పాలి అన్నాను. ఎవరి గొంతు అన్నాడు. నాదే అన్నాను. ఆత్మ ప్రేరణ అనుకున్నాను.

ఆగస్టు 11

రికార్డింగ్ అయింది. నా మైకు, యాంప్లిఫైయర్ మోసుకుపోయాను. ఎకో లేకపోతే గొంతుకు బలం ఉండదు, కాబట్టి ఎకో పెట్టించాను. మొదటి గడిలో నీ పేరు వ్రాయుము! రెండవ గడిలో నీ తండ్రి పేరు వ్రాయుము! కొంచెం తగ్గించన్నా అన్నాడు హరీశ్. సీనాయి కొండ మీద దేవుడు తగ్గించినాడా అన్నాను.

ఆగస్టు 13

నా గొంతు పేజీలోకి వచ్చేసింది. మాధవయ్య సెంటర్‌లో ఎవరో తెరిచారట, నా గొంతుకు ముగ్గురు కుర్చీల్లోంచి లేచారట. ఏంది మారెన్నా, ఉద్యోగానికి పిలుస్తాండావా, పరలోకానికి పిలుస్తాండావా అని మాధవయ్య ఎగతాళి చేశాడు. నాకు ఆనందంగానే ఉంది.

ఆగస్టు 14. రాత్రి 8

లూదియా మాధవయ్య సెంటర్‌కు వచ్చి కూర్చుంది. పేజీ తెరిచింది. నేను మొదలయ్యాను. ఆమె సాఫ్ట్‌వేరూ మొదలైంది. రెండు గొంతులు ఒకదానిమీద ఒకటి పడ్డాయి. ఏ మాటా తెలియలేదు. నన్ను ఆపుదామంటే ఆపే బటన్ ఉట్టి బొమ్మ, దానికీ పేరు లేదు. పదిసార్లు తెరిచింది. పదిసార్లూ అరిచాను.

హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టింది. అన్నా, ముందు ఎడిట్ ఎడిట్ అన్నా వినపడ్తాండె, ఇప్పుడు అదీ లేకపాయె, నీకు దండం పెడ్తా నోరు మూసుకో అంది. మాధవయ్య మొహం అటు తిప్పుకుని నవ్వాడు.

నేను ఇంటికొచ్చేశాను. అన్నం తినలేదు.

ఆగస్టు 15

జెండా పండగకు రెండు బడులకు మైకులు కట్టాను. లూదియాతో మాట్లాడలేదు.

ఆగస్టు 17. ఆదివారం

యెరికో దారిలో కూర్చున్న గుడ్డి బర్తిమయి గురించి ప్రసంగం. నలభైసార్లు చెప్పి ఉంటాను. ఎప్పుడూ నన్ను కరుణించమని అతను వేసిన కేక దగ్గరే గొంతు పెంచేవాణ్ణి. ఈరోజు కేక దాటి తర్వాతి మాటను రెండుసార్లు చదివాను. ప్రభువు అతన్ని చూస్తూనే నయం చేయలేదు. ముందు అడిగాడు, నీకేం చేయమంటావని. చూపు లేదని కనిపిస్తూనే ఉన్నా అడిగాడు.

నేను అడగలేదు. హరీశ్ నన్నడిగితే నేనే చెప్పేశాను.

సభ అయ్యాక లూదియా దగ్గరకు పోయి, నీకేం కావాలమ్మా అన్నాను. గళ్ళకు పేర్లు కావాలన్నా, అంతే అంది. బొమ్మలకు గూడా అంది.

ఆగస్టు 19

ఇద్దరం నంద్యాల పోయాము. దారంతా నేను మాట్లాడలేదు. ఏందన్నా జొరమా అని అడిగింది.

లూదియా హరీశ్‌ను మానిటర్ ఆపేయమంది. హెడ్‌ఫోన్ అతనికిచ్చి, ఇప్పుడు నీ ఫారం నువ్వే నింపు సార్ అంది. తను చేసిన పేజీయే. రెండో గడికే చెమట పట్టింది. తండ్రి పేరు గడిలో పిన్‌కోడ్ కొట్టాడు. మీ నాయన పేరు భలే ఉందే అంది ఆమె. అతనూ నవ్వాడు. తర్వాత ఇద్దరూ కూర్చుని పని మొదలుపెట్టారు. ఒక్కో గడికీ లోపల పేరు రాయడం, అది పలికిందో లేదో ఆమె వినడం. మొదట నా గొంతు తీసేశాడు. నేను వరండాలో నిలబడ్డాను. నా అవసరం లేదు. కొంచెం కష్టమే.

ఆఖర్న వంకర అక్షరాల బొమ్మ ఒకటుంది. చూసి ఆ అక్షరాలు కొడితేనే ఫారం పోతుంది. దాన్ని ముట్టుకోవాలంటే బోర్డు ఒప్పుకోవాలట.

ఆగస్టు 23

బోర్డు ఒప్పుకోలేదు. సెక్యూరిటీ అట. ఇంకా వారమే.

ఆగస్టు 25

నంద్యాలకు పోయాను. హరీశ్ ఫోన్‌లో స్పీకర్ పెట్టి బోర్డు ఆఫీసరుతో నేనే మాట్లాడాను. అరవలేదు. సార్, ఈ ఉద్యోగం చూపు లేనోళ్ళకే గదా, బొమ్మ చూసి కొట్టమంటే ఎట్ల కొడతారు సార్ అన్నాను. బొమ్మ బదులు ఏం పెడతారని అడిగాడు. చిన్న కూడిక పెడతామన్నాడు హరీశ్. సరే పెట్టండి అన్నాడు ఆఫీసరు.

ఆగస్టు 28. మధ్యాహ్నం

మాధవయ్య సెంటర్. లూదియా నన్ను బయట కూర్చోమంది. అరుగు మీద కూర్చున్నాను. నలభై నిమిషాలు. మాధవయ్య రెండుసార్లు తొంగిచూసి, టైప్ చేస్తాంది, టైప్ చేస్తాంది అని చెప్పిపోయాడు. చూపు ఉందా అన్న గడి దగ్గర ఆగి మళ్ళీ మళ్ళీ విన్నదట. తర్వాత నొక్కిందట, లేదు అని.

బయటికొచ్చింది. పోయిందన్నా, నెంబరు గూడా ఇచ్చింది అంది.

ఆగస్టు 31. ఆదివారం

ప్రసంగం లేదు. లూదియా నిలబడి సాక్ష్యంగా తన అప్లికేషన్ నెంబరు అంకె అంకె చెప్పింది. సున్నాకు కూడా సభంతా ఆమేన్ అంది.