సిరంజి మీద గీతలు

అక్కా,

నువ్వింకా ఆసుపత్రిలోనే ఉన్నావని రాయడానికి వెనకాడాను. నీ పిల్లి పోయి పది రోజులయింది. రోజూ తిండి పెట్టాక దాని షుగరు జబ్బుకి ఇన్సులిన్ నేనే వేసేదాన్ని. ఆ ఉదయం జ్వరంతో నా ఒళ్లు కాలిపోతుంటే నాన్న వేశారు. ఒక గీత దాకా తీయాల్సిన మందు మూడు గీతల దాకా తీశారు. మధ్యాహ్నానికి అది వణికి పడిపోయింది. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లినా దక్కలేదు.

"మందే పాడైంది నాన్నా" అన్నాను.

"నాకు గీతలు కనబడ్డం లేదమ్మా. చెబితే కుట్టుపని మాన్పిస్తారని భయపడ్డాను" అన్నారు.

అప్పటినుంచి ఆయన మిషన్ ముందు కూర్చోవడం లేదు. పెద్దదానికి ఏం చెబుదామని రోజూ నన్నే అడుగుతున్నారు. నువ్వొచ్చాక ఆయన్నేమీ అనకు. మూడు నెలలుగా ఆయన సూదిలో దారం నేనే ఎక్కిస్తున్నాను. అయినా ఆ ఉదయం సిరంజి ఆయన చేతికిచ్చాను.

నీ చెల్లి