అమ్మ వేసిన చిందు

ఇస్తాంబుల్, ఆదివారం

ఫరంగీస్ అక్కా,

దగ్గు తగ్గింది, నా గురించి దిగులు పడకు. నా కథల పుస్తకం అచ్చుకు వెళ్తోంది. మొన్న ప్రచురణకర్త రస్తేగార్ గారు, నాలాగే దేశం వదిలొచ్చిన తబ్రీజు ముసలాయన, నీ పెళ్ళి మీద రాసిన కథ ప్రూఫు నా ముందు పడేశారు.

"ఏవమ్మా తూరాన్, పెళ్ళివాళ్ళంతా చేతులూపి ఊరుకున్నారేం? ఇది పెళ్ళా, రైలుకి వీడ్కోలా?" అన్నారు.

నవ్వబోయి ఆగిపోయాను. అక్కడ మన దేశంలో 'నాట్యం' అన్న మాట ఉంటే సెన్సారువాళ్ళు పుస్తకానికి అనుమతి ఇవ్వరని పదిహేనేళ్ళు ఇలాగే రాశాను. ఇక్కడ కొట్టేసేవాడెవడూ లేడు, నా చెయ్యే ముందుగా కొట్టేసింది. సిగ్గేసింది. అక్కడే కూర్చుని, అమ్మ చిందులేసిందని రాసిచ్చాను.

ఇటు వచ్చేవాళ్ళుంటే వెల్లుల్లి ఊరగాయ పంపు. నారింజ పూల మురబ్బా ఈ ఏడు పెట్టారా? అమ్మ మోకాళ్ళెలా ఉన్నాయి? పిల్లలకు ముద్దులు. ఈ కార్డు నీకంటే ముందు చదివేవారికీ నా సలాములు. పైన ఎక్కడైనా నల్ల సిరా పూసి ఉంటే, నీ పెళ్ళిరోజు ఏం చేసిందో అమ్మనే అడుగు. నొప్పులున్నా సరే, లేచి చూపిస్తుంది.

నీ చెల్లి
తూరాన్