తెలుగు కోసం రెండు నొక్కండి

భిలాయి,
మార్చి 27

గురునాథం మావయ్యకి,

మీ భాగ్యరేఖ దణ్ణాలు. బొబ్బిలిలో మీ ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ ఇక్కడి మునిసిపల్ నంబరు కలిపించి, "మా మేనకోడలి గొంతు, వినండి" అని ఫోను చేతికిస్తున్నారని రాశారు. ఇక్కడి ఉక్కు ఫ్యాక్టరీలో రోలింగ్ మిల్లు చప్పుడు మీ చెవులు తినేసింది కాబట్టి ఆ గొంతు మీకు వినపడదు. ఇన్నాళ్లూ దానికి బాధపడ్డాను. ఇప్పుడు అదే నయమనిపిస్తోంది.

ఇదివరకు నేను రాసినవన్నీ నిజాలే. ఫిర్యాదు చెయ్యాలంటే ఆఫీసు మెట్ల మీద పూటంతా పడిగాపులు పడే రోజులు పోయాయి. ఇంట్లోంచి ఫోను చేస్తే యంత్రమే హిందీలోనో, రెండు నొక్కితే తెలుగులోనో మాట్లాడి రాసుకుంటుంది. వీధిదీపాలు నిజంగానే వెలుగుతున్నాయి. హెల్ప్‌లైన్‌లో కాంట్రాక్టు ఉద్యోగినిని కదా, తెలుగు మాటలకి గొంతిమ్మంటే సంబరంగా ఒప్పుకున్నాను. మన ముసలమ్మలు హిందీకి బెదిరిపోకుండా ఉంటారనుకున్నాను.

వాళ్లు బెదరలేదు. నేనే మాట్లాడుతున్నాననుకున్నారు. "నమస్కారం, మీ సమస్య చెప్పండి" అని వినపడగానే మోకాళ్ల నొప్పులూ, కోడలి మూతి విరుపులూ, చరోదా నుంచి మనవరాలికొచ్చిన సంబంధమూ అన్నీ చెప్పుకుంటారు. అందులోంచి నీళ్లన్న మాట ఏరుకుని యంత్రం ట్యాంకరు పంపిస్తుంది. అంతవరకూ బాగానే ఉంది. ట్యాంకరు వీధి మొదట్లో ఆగిందని జీపీఎస్ చెప్పగానే ఫిర్యాదు దానంతటదే మూసుకుపోతుంది. వెంటనే వాళ్లకి ఫోను వెళ్తుంది. "మీ వీధికి నీళ్లు అందాయి, ధన్యవాదాలు" అంటుంది నా గొంతు. మా ఇంటి దారిలో, గున్నమ్మత్త లాంటి మనవాళ్లుండే వెనక సందు దాకా ఆ ట్యాంకరు గొట్టం చేరదు.

మొన్న బజారులో మెంతికూర బేరమాడుతుంటే గున్నమ్మత్త నా చెయ్యి పట్టుకుంది.

"ఏటే భాగ్యం, నీళ్లందీసినాయని నువ్వే చెప్పినావు గదా. ఎవలి బిందిలో సూసినావు?"

"అది నేను కాదత్తా, మిషను."

"మిషనుకి నీ గొంతెలాగొచ్చింది? నువ్వియ్యకుండానే ఒచ్చీసిందేటి?"

కూరలమ్మే ఆవిడ కూడా తక్కెడ ఆపి నా వైపు చూసింది. మెంతికూర అక్కడే వదిలేసి వచ్చేశాను. అప్పటినుంచి ఆ సందు తప్పించి, చుట్టూ తిరిగి ఇంటికి పోతున్నాను. ఎమ్మే చదివి చివరికి నేర్చుకున్నది దారి మార్చుకోవడమా? ఒక్క సందు కోసం ఇంతమందికి పనికొచ్చేదాన్ని తప్పుపట్టడం న్యాయమేనా అని నాకూ అనుమానమే. అయినా రేపు రాజీనామా ఇచ్చేస్తున్నాను. కోప్పడితే కోప్పడండి.

మీ
భాగ్యం


భిలాయి,
ఏప్రిల్ 19

మావయ్యా,

తొందరపడకని మీరు రాసిన కార్డు నేను తొందరపడ్డాక వచ్చింది. రాజీనామా పట్టుకుని మా అధికారి మనోజ్‌కుమార్ గారి దగ్గరికి వెళ్లాను. చెడ్డవాడు కాదు. "మీరు వెళ్లినా రికార్డింగు ఉంటుంది మేడమ్. అది యంత్రం పెట్టిన కంపెనీది, మీరు సంతకం చేశారు" అన్నారు. అంటే నేను ఇంట్లో కూర్చున్నా నా గొంతు గున్నమ్మత్తకి అబద్ధం చెబుతూనే ఉంటుంది. కాగితం మడిచి బ్యాగులో పెట్టుకున్నాను.

పోనీ ఆ మాటయినా మార్చమన్నాను. సిస్టమ్ అలాగే ఉంటుందన్నారు. ఇంతలో ఎండాకాలం నీళ్ల వేళలు మారాయని మాటలన్నీ మళ్లీ రికార్డు చెయ్యమన్నారు. ఆ కంపెనీలో తెలుగు వచ్చినవాళ్లు లేరు. శబ్దం స్పష్టంగా ఉందా లేదా అనే చూస్తారు. నీళ్లు అందాయన్న చోటుకి వచ్చేసరికి ఇలా చదివాను:

"ట్యాంకరు మీ వీధిలో ఆగిందని యంత్రం అంటోంది. మీ బిందె నిండిందో లేదో దానికి తెలీదు, నాకూ తెలీదు. నిండకపోతే ఒకటి నొక్కండి, ఫిర్యాదు మళ్లీ రాసుకుంటాం."

ఒకటి నొక్కితే ఫిర్యాదు మళ్లీ తెరుచుకోవడం యంత్రంలో ముందునుంచీ ఉంది. ఆ సంగతి జనానికి చెప్పినవాళ్లే లేరు. మావయ్యా, ఒక్కసారికే తడబడకుండా చదివేశాను.

ఆ సాయంత్రం సందులోంచే వెళ్లి గున్నమ్మత్తకి నచ్చజెప్పాను. "నోటితో చెప్తే ఇనవు గానీ నొక్కితే ఇంటావేటి? సరే, నీ పీకే అనుకోని నొక్కుతాన్లే" అంది.

నిన్న మనోజ్‌కుమార్ గారు పిలిచారు. ఆయన ముందు తెర మీద పటం, వెనక సందు పొడుగునా ఎర్రచుక్కలు.

"ఆ సందులో తెలుగు ఇళ్లు పట్టుమని పది లేవు. తెలుగు లైనులో ఇన్ని ఫిర్యాదులేమిటి? అసలు మీరేం చెప్పారందులో?"

మాట పొల్లుపోకుండా హిందీలో చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"కంపెనీ ఊరుకోదు మేడమ్. పాతదే మళ్లీ చదివెయ్యండి."

"చదవను సర్. తీసేయాలంటే మీరే తీసేయించండి. నీళ్లందాయని చెప్పడానికి ఇంకొకర్ని వెతుక్కోండి. కానీ ముందు వాళ్లని ఆ సందులో ఒక పూట నిలబెట్టండి."

ఆయన పటం మీద సందు రెండో చివర వేలు పెట్టారు. ఇకమీదట ట్యాంకరు అవతలి వైపు నుంచి వస్తుందన్నారు. వచ్చాక నమ్ముతాను. నా ఉద్యోగం మాట కంపెనీతో మాట్లాడి చెబుతారట. బయటికొచ్చి రాజీనామా చించేశాను. నన్ను పంపించెయ్యాలనుకుంటే వాళ్లే పంపించాలి.

ఇంటికి వెళ్తూ ఆ సందులోకి తిరిగాను. గున్నమ్మత్త గుమ్మంలో పక్కింటి దులారీబాయి కూర్చుని ఉంది. ఛత్తీస్‌గఢీ, కాస్త హిందీ తప్ప వేరే ఎరగదు. ఫోను చెవిలో పెట్టుకుని, నన్ను చూసి మాట్లాడొద్దని వేలు చూపించింది.

"హిందీ మిషను నీళ్లొచ్చీసినాయని ఫోను పెట్టీస్తంది" అంది గున్నమ్మత్త. "నీదైతే అడుగుతాదని సందులో అందరికీ రెండు నొక్కమన్నాను. 'నీళ్లు' అనడం ఒక్కటీ నేర్పినాను, సాల్దా?"

దులారీబాయి కళ్లు మూసుకుని, ఒక్క ముక్కా అర్థం కాని నా మాటలు ఆఖరిదాకా విన్నది. నా గొంతు ఆగగానే ఒకటి నొక్కింది. అప్పుడు తలెత్తి, "ఠీక్ దబాయా న, దీదీ?" అంది, సరిగ్గానే నొక్కానా అని.

మీ మొండి మేనకోడలు,
భాగ్యరేఖ