జమున లాప్‌టాప్‌కి తెలుగు గొంతు

డుంబ్రిగుడ, బుధవారం రాత్రి

ఇవాళ్టికి లాప్‌టాప్ మాట్లాడింది. మా తొమ్మిదో తరగతి జమునకి కళ్లు కనిపించవు. పాఠాలు తెలుగులో చదివి వినిపించే ప్యాకేజీ ఒకటి ఆ పిల్ల లాప్‌టాప్‌ని నడిపే లినక్స్‌లో ఎక్కించాలని వారం నుంచి తంటాలు పడుతున్నాను. డౌన్‌లోడ్ చేసిన ప్రతిసారీ ఫైలు పాడైందనే మెసేజ్ వచ్చేది. వానకి సిగ్నల్ తెగిపోవడం వల్లేనని మళ్లీ మళ్లీ దింపుతూ పోయాను. సగంలో ఆగిన పాత ముక్కలు లోపలే ఉండిపోయి, కొత్తగా దిగేది వాటికే అతుక్కుంటోందని ఈరోజు అర్థమైంది. అవన్నీ తుడిచేసి మొదటినుంచీ దింపితే, ఫైలు పాడవకుండా దిగింది.

మధ్యాహ్నమే జమునని పిలిచి సోషల్ పాఠం వినిపించాను. తల వంచి చివరిదాకా వింది.

"ఎన్నిసార్లు సదవమన్నా ఇది ఇసుక్కోదేటి టీచర్?"

"విసుక్కోదు."

"అయితే ఇంక మిమ్మల్ని కట్టపెట్టను. రోజూ నా కోసం గొంతు నొప్పెట్టీలాగ సదువుతన్నారు."

నాకేం కష్టం లేదని చెప్పబోయాను. అప్పటికే లాప్‌టాప్ గుండెలకి హత్తుకుని, గోడ పట్టుకుంటూ హాస్టల్ వైపు వెళ్లిపోయింది.

రోజూ సాయంత్రం నేనుండే ఈ గదికి వచ్చేది ఆ పిల్ల ఒక్కతే. పాఠం అయ్యాక వాళ్ల ఊరి కబుర్లు చెప్పేది. ఈ సాయంత్రం రాలేదు. మంచిదే, నేను కోరుకున్నదీ అదే.

వాన మొదలయ్యాక కరెంటు పోయింది. లాప్‌టాప్‌లో చార్జింగ్ అయిపోతే జమున వస్తుందేమోనని చాలాసేపు తలుపు గడియ వేయలేదు...