గేటు కాడి జవాబు

బాపూ,

నువ్వు పోయి ఏడాదయింది. ఇయ్యాల కాశిబుగ్గ చర్చిల నీ జ్ఞాపకార్థ కూడిక పెట్టినం. ఏసోబు మామ లేచి, "తండ్రి దేవుడు, కుమారుడు యేసు ఇద్దరు సమానమే. మా బావ చెప్పిందే నిజం" అన్నడు. అందరు ఆమెన్ అన్నరు. నాకైతే కోపమొచ్చింది. ఇరవై ఏండ్లు ఆరాధన కాంగనే గేటు కాడ వన్ బై టూ చాయ్ పట్టుకొని, "పంపిన తండ్రే పెద్ద, వచ్చిన కొడుకు ఆయన కిందనే" అని నీతోని కొట్లాడిన మనిషి గదా. నువ్వుంటే మామ గంత అల్కగ ఒప్పుకుంటుండెనా?

అందరు పోయినంక మామ గేటు కాడ నాకు సగం చాయ్ ఇచ్చిండు.

"బిడ్డా, నేను మీ బాపు దిక్కు మాట్లాడ్త. నువ్వు జర నా దిక్కు మాట్లాడు."

"పంపినోడే పెద్ద గదా మామా?" అన్న.

మామ చాయ్ గ్లాసు కింద పెట్టిండు.

"గీ మాటకు బావ ఏమంటుండె బిడ్డా? యాదికొస్తలేదు."

నాక్కూడ తెల్వదు బాపూ. నువ్వు మామకు జవాబు చెప్పిన ప్రతి ఆదివారం, నేను రోడ్డు మీద స్కూటీ ఆపుకొని, జల్ది రమ్మని హారన్ కొడుతుంటి.

నీ బిడ్డ