శుక్రవారం పడే స్విచ్

ఎల్లారెడ్డి

తమ్ముడు లక్ష్మణ్‌కు అక్క భాగ్యశ్రీ దీవెనలు.

ఫోనులో నీ గొంతు నాకు గుయ్యిమని తప్ప వినపడదు, అందుకే రాస్తున్నాను. నువ్వు వచ్చి ఇల్లంతా వైరింగ్ చేసి, మీటరు దగ్గర ట్రిప్ స్విచ్ పెట్టి పోయావు చూడు, అది ఉన్నట్టుండి పడిపోయి ఇంట్లో అన్నీ ఆగిపోతున్నాయి. కరెంటు మిస్త్రీని పిలిస్తే ఆయన ఉన్నంతసేపూ బుద్ధిగా ఉంటుంది. ముందు గదిలో అద్దెకుండే గ్లోరీ, "పెద్దమ్మా, గా స్విచ్ మిస్త్రీని జూస్తె భయపడ్తున్నట్టుంది" అని నా చెవిలో అరిచి నవ్వింది. చెవి దాకా వచ్చి నాతో మాట్లాడేది ఆ పిల్ల ఒక్కతే.

నీ అక్క

తా.క. నీ పనికి వంక పెట్టడం లేదు. స్విచ్‌కే పెడుతున్నాను.

కామారెడ్డి

అక్కకు దండాలు.

ఎప్పుడూ ఉండే జబ్బును పట్టుకోవచ్చు. వచ్చిపోయేదానితోనే తిప్పలు. ఎక్కడో కరెంటు లీకవుతోంది. ఇంట్లో ఉన్నవి ఒక్కొక్కటే తీసేస్తూ రా. ఏది తీస్తే స్విచ్ నిలబడుతుందో, దొంగ అదే. సదాశివనగర్‌లో పని ఒప్పుకున్నాను, అయ్యాక వస్తాను.

నీ తమ్ముడు

తా.క. ఆ స్విచ్‌ను తిట్టకు. నీ ప్రాణానికి అది కాపలా.

ఎల్లారెడ్డి

తమ్ముడికి దీవెనలు.

ఫ్రిజ్ తీశాను, పాలు విరిగాయి. మిక్సీ తీశాను, రోట్లో పచ్చడి నూరి భుజం పట్టేసింది. అయినా పడింది. పడేది శుక్రవారమేనని అప్పుడు గమనించాను. శుక్రవారం గ్లోరీ వాళ్ల గదిలో ఉపవాస ప్రార్థన. గది నిండా జనం, పెద్ద సౌండు బాక్సు. నాకు పాట వినపడదు గానీ గోడ మీద చెయ్యి పెడితే తెలుస్తుంది. నువ్వు చెప్పినట్టే తీసేశాను, వాళ్లను ఖాళీ చేయించాను. ఆమె భర్త అబ్రాహాము దగ్గరికొచ్చి, "బాక్సు బందు జేస్తం పెద్దమ్మా" అన్నాడు. వినపడనట్టు ఊరుకున్నాను.

నీ అక్క

తా.క. పోతూ పోతూ గ్లోరీ నా ఫ్రిజ్ ప్లగ్గు మళ్లీ పెట్టి పోయింది.

కామారెడ్డి

అక్కా, దండాలు.

నేను తీయమన్నది ప్లగ్గులను, మనుషులను కాదు! శుక్రవారం వాళ్లేం చేస్తారో చూశావు సరే, నువ్వేం చేస్తావో చూసుకున్నావా?

నీ తమ్ముడు

తా.క. సౌండు బాక్సే దొంగయితే గణపతి పండుగకు కామారెడ్డిలో ఒక్క ఇల్లూ వెలగదు.

ఎల్లారెడ్డి

తమ్ముడికి దీవెనలు.

నీ ఉత్తరం అందేలోపే శుక్రవారం వచ్చింది. ఇంట్లో నేనొక్కదాన్నే. మళ్లీ పడింది.

శుక్రవారం నేనేం చేస్తాను? పసుపు రాయడానికి ముందు గడప మీద బిందెలకొద్దీ నీళ్లు గుమ్మరిస్తాను. బయటి లైటు వైరు గడప కింద నుంచే పోతోందట. మిస్త్రీ తవ్వి చూపించాడు. వైరున్న పైపు పగిలి, నేను పోసే నీళ్లు అందులోకే దిగుతున్నాయి. వైరు మార్చాడు. ఇప్పుడు ఎన్ని నీళ్లు పోసినా స్విచ్ కదలదు. ఇల్లంతా వెలుగే, పలకరించే మనిషి లేదు.

గ్లోరీ వాళ్లు భిక్నూర్‌లో ఉన్నారని తెలిసి వెళ్లాను. తిరిగి రమ్మన్నాను. అబ్రాహాముకు అక్కడే ధాబాలో పని కుదిరింది, రామన్నారు. గ్లోరీ చాయ్ ఇచ్చి, ఎప్పటిలాగే చెవి దగ్గరికొచ్చింది. "నీ ఇంట్ల కరెంటు మంచిగ గావాలని అక్కడున్నప్పటి సంది శుక్కురారం శుక్కురారం ప్రార్థన జేస్తున్నం పెద్దమ్మా. మంచిగైందా? అయితే ఇగ బందు జేస్తం" అంది.

నీ అక్క

తా.క. ఇంకా కాలేదని చెప్పి వచ్చాను.